రాలిన పండు ఎవరిది?



'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్నారు మన పెద్దలు. మా గురువులకు ఆ రెండు కష్టాలూ లేవు. మాకున్న కష్టం ఒక్కటే, ఇల్లు మారడం. అయిదారేళ్ళకొకసారి మేత్రాణుల వారి నుండి ఉత్తరం వస్తుంది. పుస్తకాల పెట్టెలు, బట్టల సంచి, ఒక మంచం, ఒక బల్ల సర్దుకుని, అప్పటిదాకా అలవాటైన ముఖాలకు సెలవు చెప్పి, కొత్త విచారణకు బయలుదేరుతాము. 2024 మే నెల చివరి వారంలో, రోహిణి కార్తె ఎండలో, నేను ఆరవసారి అలా ఒక కొత్త ఇంటి ముందు దిగాను.

ఇల్లు చిన్నది. రెండు గదులు, ముందు వసారా, వెనుక ఇద్దరు నిలబడితే మూడోవారికి చోటు లేని వంటగది. పైన పాత పెంకులు. పుస్తకాలు పెట్టుకోవడానికి అలమర లేక సగం పెట్టెలు మంచం కిందికే పోయాయి. అయితే ఆ ఇంటి చుట్టూ ముప్పావు ఎకరం తోట ఉంది. రెండు చిన్నరసం మామిళ్ళు, ఒక పనస, సపోటా, జామ, నిమ్మ, గోడ వెంబడి ఏడు కొబ్బరి చెట్లు, నూతి దగ్గర అరటి గెలలు, వంటింటి వెనుక మునగ, కరివేప, పందిరి మీద దొండ పాదు, వసారా పక్కన మల్లె పొద. ఇందులో ఒక్క మొక్క కూడా నేను నాటింది కాదు. ఒక్క చెంబు నీరు నేను పోసింది కాదు. నేను వచ్చిన రోజు ఉదయమే పండిన పండు నా పళ్ళెంలోకి వచ్చింది.

మీలో కొందరు ఈ మధ్య కొత్త ఇంటిలో చేరి ఉంటారు. కొందరు అప్పు చేసి చిన్న ఇల్లు కట్టుకుని ఉంటారు. కొందరికి అద్దె ఇల్లయినా పెరడు దొరికి ఉంటుంది. గృహాశీర్వాదానికి పిలిచినప్పుడు నేనే ఎన్నో ఇళ్ళలో తీర్థజలం చల్లాను. కొత్త ఇంటి ఆనందం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. తెల్లవారక ముందే కోయిల కూత. వసారాలో కూర్చుంటే మల్లెల వాసన. పూజ ముగించుకుని వచ్చేసరికి చెట్టు కింద నాలుగు పండ్లు రాలి ఉండేవి. మొదటి పదిహేను రోజులు నేను చిన్నపిల్లవాడినయ్యాను.

ఆ పదిహేను రోజులలో నా మనసులో రెండు మార్పులు జరిగాయి. వాటిని నేను అప్పుడు గమనించలేదు. మొదటిది, చిన్న ఇంటిలో ఉంటున్నాను కనుక పేదరికంలో జీవిస్తున్నానని నాలో నేను మురిసిపోయాను. మఠవాసుల వలె మేత్రాసన గురువులమైన మేము పేదరికపు వ్రతం తీసుకోము. అయినా నిరాడంబరంగా బ్రతకమని శ్రీసభ మమ్మల్ని కోరుతుంది. పెంకుటిల్లు ఆ కోరికను నా తరఫున తీర్చేసిందని అనుకున్నాను. రెండవది, 'నా' అనే మాట. మా చెల్లెలితో ఫోనులో మాట్లాడుతూ "నా మామిడి చెట్ల కాయలు పంపిస్తానమ్మా" అన్నాను. వచ్చి పది రోజులు కాలేదు, అప్పుడే అవి నా చెట్లు అయిపోయాయి.

జూన్ రెండవ వారంలో ఒక ఉదయం, పూజ ముగించుకుని తోటలోకి వెళ్ళాను. పక్క వీధి వైపున్న చిన్న తలుపు తీసి ఉంది. మామిడి చెట్టు కింద ఒక పెద్దావిడ వంగి, రాలిన పండ్లు ఏరి కొంగులో వేసుకుంటున్నది. నేను కోప్పడలేదు. మెత్తగానే అడిగాను. "ఏమ్మా, ఒక్కమాట అడిగి తీసుకోకూడదా?" అన్నాను. ఆమె ఉలిక్కిపడి లేచింది. "తప్పయిపోయిందండీ ఫాదరుగారండీ" అని కొంగులోని పండ్లన్నీ నూతి చప్టా మీద గుమ్మరించి, తల వంచుకుని వెళ్ళిపోయింది. "అయ్యో, తీసుకుపో" అని నేను అనేలోపే తలుపు దాటింది. నేను మర్యాదగానే మాట్లాడానని నాకు నేను చెప్పుకున్నాను. ఆ సాయంత్రమే చిన్న తలుపుకు తాళం వేయించాను.

మరునాడు ఉపదేశిగారితో మాటల మధ్యలో ఈ సంగతి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పారు. ఆ మామిడి అంట్లు నాటింది పూర్వం ఇక్కడ పనిచేసిన ఒక విచారణ గురువు. ఆయన ఇప్పుడు లేరు. నాటిన మరుసటి వేసవి 2003 వ సంవత్సరపు వేసవి. ఆ ఏడాది మన రాష్ట్రంలో ఎండలు ఎంతమందిని బలితీసుకున్నాయో మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. అంతకుముందు ఏడాది వానలు లేవు. నూయి అడుగంటింది. ఆ వేసవి రెండు నెలలూ వీధి పంపు దగ్గర నుండి రోజుకు రెండు బిందెలు మోసుకువచ్చి ఆ అంట్లకు పోసింది ఆమేనట. ఎవరూ ఆమెకు కూలి ఇవ్వలేదు. ఆమె అడగనూ లేదు. నిన్న నా ముందు నిలబడినప్పుడు ఆ మాట ఆమె ఎత్తనే లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాఠకులారా, ఈ వారం మీ ముందు ఉంచదలచిన ప్రశ్న ఆ రాత్రి పుట్టింది. రాలిన పండు ఎవరిది?

చట్టం సమాధానం చాలా తేలిక. స్థలం మేత్రాసనానిది. దాని బాగోగులు చూసే బాధ్యత నాది. కనుక తలుపుకు తాళం వేసే అధికారం నాకుంది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. అయితే తాళం వేసే అధికారం ఉండడం వేరు, తాళం వేయడం న్యాయం కావడం వేరు. చట్టం మొదటిదాని గురించే చెబుతుంది.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజులలో ఆస్తి హక్కు గురించి ఆంగ్ల తత్వవేత్త జాన్ లాక్ వాదన చదువుకున్నాము. పదిహేడవ శతాబ్దం చివర ఆయన చెప్పింది క్లుప్తంగా ఇది. దేవుడు భూమిని అందరికీ ఇచ్చాడు. మనిషి తన శ్రమను దేనితో కలుపుతాడో అది అతని సొత్తవుతుంది. వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. ఈ మామిడి చెట్టు దగ్గర నిలబడి ఆ సూత్రాన్ని పరీక్షించి చూడండి. అంటు తెచ్చి గొయ్యి తవ్వినవారు ఒకరు. బిందెలు మోసినవారు మరొకరు. కంచె వేసినవారు, చీడ పట్టినప్పుడు మందు కొట్టినవారు ఇంకొందరు. ఎండ, వాన, మట్టి ఎవరి శ్రమా కాదు. శ్రమను బట్టి వాటా వేస్తే ఆమెకు కొంత వస్తుంది, చనిపోయిన ఆ గురువుకు కొంత వస్తుంది. సున్నా వచ్చేది ఒక్కరికే. ఆ రోజు పళ్ళెం ముందు కూర్చున్న నాకు.

లాక్ మరో మాట కూడా అన్నాడు. మనిషి తాను పాడు కాకుండా వాడుకోగలిగినంత మేరకే తనదనుకోవాలి, కుళ్ళిపోయేదంతా అతని వాటాకు మించినదే, అది ఇతరులకు చెందినది. మా తోటలో ఆ పదిహేను రోజులలో ఎన్ని పండ్లు ఈగలు ముసిరి కుళ్ళిపోయాయో నాకు తెలుసు.

మన పునీత తోమాసు అక్వీనాసు వారు పదమూడవ శతాబ్దంలోనే ఈ ప్రశ్నను ఇంకా జాగ్రత్తగా విడదీశారు. వస్తువులను సంపాదించి, నిర్వహించడం ఒక సంగతి. వాటిని అనుభవించడం మరొక సంగతి. మొదటిదానిలో 'నాది, నీది' అనుకోవడం తప్పు కాదు, అవసరం కూడా. ఎందుకంటే అందరిదీ అయిన పనిని ఎవరూ పట్టించుకోరు, ఎవరి బాధ్యత వారికి ఉంటే గందరగోళం ఉండదు, తగాదాలూ తగ్గుతాయి. రెండవదానిలో మాత్రం, అంటే అనుభవించడంలో, మనిషి తన వస్తువులను అందరివిగా ఎంచి, అవసరంలో ఉన్నవారితో పంచుకోవడానికి సిద్ధంగా ఉండాలి. పదమూడవ లియో జగద్గురువులు 1891 వ సంవత్సరంలో కార్మికుల గురించి వ్రాసిన విశ్వలేఖలో సొంత ఆస్తి హక్కును గట్టిగా సమర్థిస్తూనే ఈ భేదాన్ని గుర్తు చేశారు. రెండవ వాటికను మహాసభ 1965 వ సంవత్సరంలో, దివంగత ఫ్రాన్సిసు జగద్గురువులు 2015 వ సంవత్సరంలో అదే బోధను కొనసాగించారు. ప్రాణం పోయే స్థితిలో ఉన్నవాడు ఎదుటివాని ఆహారం తీసుకుంటే అది దొంగతనమే కాదని కూడా అక్వీనాసు వారు చెప్పారు.

అయితే ఇక్కడ మనం నిజాయితీగా ఉండాలి. ఆ పెద్దావిడ ఆకలితో చనిపోయే స్థితిలో లేదు. ఆమెకు రేషను బియ్యం ఉన్నాయి. నెలనెలా పింఛను వస్తుంది. మామిడి పండు తినకపోతే ఆమె ప్రాణానికి ముప్పు లేదు. కనుక అక్వీనాసు వారి ఆ చివరి మాట ఇక్కడ వర్తించదు. అప్పుడు మిగిలేది దయ ఒక్కటే అనిపిస్తుంది. నా తోట నుండి నేను దయతో ఇస్తాను, ఆమె కృతజ్ఞతతో పుచ్చుకుంటుంది. అంతటితో లెక్క సరిపోతుంది కదా అనుకున్నాను.

అలా అనుకునే ఒక బుట్టెడు పండ్లు పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. ఆమె లేచి నిలబడి, కుర్చీ తుడిచి వేసింది. బుట్టలో నుండి రెండు పండ్లు తీసుకుని, కళ్ళకద్దుకుని, బుట్ట తిరిగి ఇచ్చింది. "అన్నీ నీకేనమ్మా" అన్నాను. "ఇస్తే ఎందుకు తీసుకోనండీ, తీసుకున్నాను గదండీ" అంది. కొంచెం ఆగి, "ఏరుకున్నప్పుడయితే ఎవరి మొహమూ చూడక్కర్లేదండీ" అంది. నన్ను తప్పుపట్టాలని అనలేదు. ఊరికే ఉన్న సంగతి చెప్పింది.

ఆ మాట నన్ను యాభై ఏళ్ళు వెనక్కు తీసుకుపోయింది. మా అమ్మ కూలికి వెళ్ళేది. వరికోతలు అయిపోయాక ఖాళీ చేలలో పరిగె ఏరడానికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేది. రాలిన కంకులు ఒక్కొక్కటి ఏరి ఒడిలో వేసుకునేవాళ్ళం. ఇంట్లో గింజలు నిండుకున్నప్పుడు అమ్మ చేటెడు బియ్యం అప్పు అడగడానికి పెద్దింటికి వెళ్ళేటప్పుడు కూడా నేను వెంట వెళ్ళాను. రెండుసార్లూ ఆమె తెచ్చింది గింజలే. కానీ ఆమె నడక ఒకటి కాదు. పెద్దింటికి వెళ్ళేటప్పుడు గోడ వారగా, తల దించుకుని నడిచేది. పరిగెకు వెళ్ళేటప్పుడు తోటి ఆడవాళ్ళతో నవ్వుతూ, చేను మధ్య నుండి నడిచేది. పరిగె ఏరుకోవడానికి ఎవరినీ అడగనక్కరలేదు. చేను యజమాని ఇచ్చాడని కూడా ఎవరూ అనుకోరు. అతడు వదిలాడు, అంతే. అలాంటి తల్లి కొడుకును నేను, ఒక పెద్దావిడను 'అడిగి తీసుకోకూడదా' అన్నాను.

ఇవ్వడానికీ వదలడానికీ ఎంత తేడా ఉందో చూడండి. ఇచ్చినప్పుడు చేయి పైన ఉంటుంది, పుచ్చుకునే చేయి కింద ఉంటుంది. వదిలినప్పుడు రెండు చేతులూ ఒకచోట కలవనే కలవవు. లేవీయకాండము పంతొమ్మిదవ అధ్యాయంలో దేవుడు ఇశ్రాయేలు రైతులకు చేసిన ఆజ్ఞను ఈ వెలుగులో మళ్ళీ చదవండి. పొలం అంచులను పూర్తిగా కోయవద్దని, పరిగెను, రాలిన ద్రాక్షపండ్లను ఏరుకోవద్దని, వాటిని పేదలకూ పరదేశులకూ వదలమని ఆ ఆజ్ఞ. కోసుకువచ్చి పంచిపెట్టమని అక్కడ లేదు. పేదవాడు వచ్చి అడగాలని లేదు. రూతు గ్రంథంలో బోవసు ఇంకొక అడుగు ముందుకు వేశాడు. కొన్ని పరకలను కావాలనే జారవిడవమని, ఆమెను సిగ్గుపరచవద్దని తన పనివారికి చెప్పాడు. ఆమెకు గింజలు దక్కడంతో పాటు తలవంపు లేకపోవడం కూడా ముఖ్యమని ఆ రైతుకు తెలుసు. తత్వశాస్త్రం చదివిన నాకు ఆ క్షణంలో తోచలేదు.

మీలో ఒక గృహస్థు ఇక్కడ నన్ను ఆపవచ్చు. "ఫాదరుగారూ, మీది విచారణ తోట. మీరు వదిలినా మీ జేబు నుండి పోయేదేమీ లేదు. నేను బ్యాంకు అప్పు తీరుస్తూ కట్టుకున్న ఇల్లు ఇది. పెరట్లో కొబ్బరి మొక్కకు ఆరేడేళ్ళు నీళ్ళు పోస్తే ఇప్పుడిప్పుడే కాపుకు వచ్చింది. తలుపు తెరిచి ఉంచితే పిందెలు కూడా మిగలవు. పండ్లున్న చెట్టుకే రాళ్ళ దెబ్బలు" అని మీరు అనవచ్చు. ఈ అభ్యంతరం తేలికగా తీసివేయదగ్గది కాదు. తాను దుక్కి దున్నని వ్యక్తి త్యాగం గురించి ఉపన్యాసం చెప్పడం సులభమే.

అయినా రెండు సంగతులు ఆలోచించండి. పరిగె ఆజ్ఞను దేవుడు ఎవరికి ఇచ్చాడు? ఊరికే వచ్చిన తోటలో కూర్చున్న నా వంటి వారికి కాదు. సొంతంగా దున్ని, విత్తి, కోసిన రైతుకే ఇచ్చాడు. అతని శ్రమను కాదనలేదు. చేనంతా వదలమనలేదు. అంచు వదలమన్నాడు. చేను నడుమ భాగం అతనిదే, దానికి అతడు సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు. రెండవది, ద్వితీయోపదేశకాండములో ఏరుకునేవారికీ ఒక హద్దు ఉంది. పొరుగువాని ద్రాక్షతోటలో నడిచేటప్పుడు కడుపునిండా తినవచ్చు, బుట్టలో వేసుకోరాదు. చేతితో కంకులు త్రుంచవచ్చు, కొడవలి పెట్టరాదు. అంటే ఆకలికి తలుపు ఉంది, ఆశకు గడప ఉంది. యజమానిని దోచుకొమ్మని ఆ ధర్మం చెప్పదు. యజమాని కంచె అంచున పొరుగువానికి కొంచెం చోటు ఉంచమంటుంది.

ఆలోచించి నేను చేసింది చాలా చిన్నది. చిన్న తలుపు తాళం తీయించాను. రాలిన పండ్లు, మునగాకు, కరివేపాకు, చేతికి అందే జామకాయలు ఎవరైనా తీసుకోవచ్చని, చెట్టు ఎక్కడం, కర్రతో కొట్టడం మాత్రం కూడదని ఉపదేశిగారి ద్వారా చెప్పించాను. కొబ్బరి దింపు డబ్బు ఎప్పటివలెనే విచారణ లెక్కలోకి వెళుతుంది. పండ్లు ఏరుకునే వేళ నేను తోటలోకి వెళ్ళను. ఎవరి ముఖమూ చూడనక్కరలేకుండా ఉండాలంటే నా ముఖం అక్కడ లేకపోవడమే మంచిదని నాకు అర్థమైంది.

అన్నీ సవ్యంగా జరిగాయని చెబితే అది అబద్ధం. ఆగస్టులో పిల్లలు సపోటా కొమ్మ మీద ఊగి విరగ్గొట్టారు. నాకు కోపం వచ్చింది, కేకలు వేశాను. దొంగిలించిన పండు రుచి పండులో లేదని పునీత అగస్టీను వారు తన కౌమారంలోని పేరుపండ్ల దొంగతనం గురించి వ్రాశారు. ఆకలి లేకుండానే కోసి పందులకు వేశామని ఆయన ఒప్పుకున్నారు. మా పిల్లలకూ కావలసింది పండు కాదని, తాళం లేని తలుపు వారికి ఆట కాకుండా బాధ్యత కావడానికి కొంతకాలం పడుతుందని నాకు నేను చెప్పుకున్నాను. తాళం మళ్ళీ వేయలేదు. అయినా వేయాలని రెండుసార్లు అనిపించిన మాట నిజం. అక్వీనాసు వారు చెప్పినట్లు, అందరిదీ అయినదాన్ని కనిపెట్టుకుని ఉండే బాధ్యత ఎవరో ఒకరిమీద ఉండాలి. ఆ బాధ్యతకూ నా పిసినారితనానికీ మధ్య గీత ఎక్కడ ఉందో ప్రతిసారీ నాకు స్పష్టంగా కనిపించదు.

ఆ పెద్దావిడ సంగతి అడుగుతారేమో. ఆమె ఇప్పుడు వస్తున్నది. అయితే ఈనాటికీ తలుపు దగ్గర నిలబడి, "ఫాదరుగారండీ" అని ఒకసారి పిలిచి, జవాబు వచ్చినా రాకపోయినా ఒక్క క్షణం ఆగి గాని లోపలికి అడుగుపెట్టదు. అంతకుముందు ఇరవై ఏళ్ళు ఆమె పిలవకుండానే వచ్చింది. నేను తాళం తీయగలిగాను గాని, నా ఒక్క మాట ఆమె కాళ్ళ ముందు వేసిన గడపను తీయలేకపోయాను. ఆ పిలుపు విన్నప్పుడల్లా నేను లోపలి నుండి "రావమ్మా" అంటాను. అది నా ప్రాయశ్చిత్తం అనుకుంటున్నాను.

భూమి తనదని, మనం దానిమీద పరదేశుల వలె, అతిథుల వలె ఉన్నామని దేవుడు లేవీయకాండములో చెప్పాడు. మాకు బదిలీ ఉత్తరం వచ్చినప్పుడు ఆ సంగతి తెలిసివస్తుంది. మీకు ఉత్తరం రాదు. ఇంటి పత్రాలు మీ పేరనే ఉంటాయి. అందువల్ల మీకు మరచిపోవడం ఇంకా సులభం. అయినా మీ ఇంటి నూయి ఎవరు తవ్వారో, మీ పెరటి చెట్టుకు మొదటి నీరు ఎవరు పోశారో, మీ ఇల్లు కట్టిన మేస్త్రీ, ఇటుకలు మోసిన కూలి మనిషి ఇప్పుడు ఏ ఇంటిలో ఉన్నారో ఒక్కసారి గుర్తు చేసుకోండి.

ఈ వారం ఒక చిన్న పని చేయండి. సాయంత్రం జపమాల ముగిశాక, పిల్లలను వెంటబెట్టుకుని ఇంటి చుట్టూ తిరగండి. పెరడు లేనివారికి కుండీలో తులసి, కరివేప అయినా ఉంటుంది. గోడ అవతలికి వంగిన కొమ్మ ఏదైనా ఉంటే, ఆ కొమ్మ కాయలను ఈ ఏడాది లెక్కపెట్టకండి, కోయకండి, కోసి ఎవరికీ పంచకండి. ఊరికే వదిలేయండి. ఎవరు తీసుకున్నారో కిటికీలో నుండి చూడకండి.